చల్లదనానికి అదను

మృగశిర కార్తెలో తొలకరి పడితే ఏ చెలకలో ఏ విత్తనం వేయవలెనో కామారెడ్డి, ఎల్లారెడ్డి ప్రాంతాల రైతుకు ఎవరూ చెప్పనక్కర లేదు. అదను తప్పిన విత్తనం మొలిచినా గింజ పట్టదని అతడెరుగును. అటువంటి రైతు గాని, ఆ రైతు బిడ్డయైన బడిపంతులు గాని, ఇంటిని చల్లబరచుకొనే సాధనాన్ని మార్చవలసి వచ్చినప్పుడు మాత్రం అదను అనే మాటనే మరచిపోతాడు. ఏప్రిల్ మూడవ వారంలో ఒంటిపూట బడి ముగించుకొని, మాడు పగిలే ఎండలో ఇల్లు చేరి, నడినెత్తిన పంకా కిర్రుకిర్రుమంటూ వేడిగాలి కుమ్మరిస్తూ ఉంటే, అప్పుడు లేచి బజారుకు పోతాడు. ఆనాటికి ఊరంతా అదే బజారులో ఉంటుంది. దుకాణదారు చూపినదే వస్తువు, చెప్పినదే ధర. బిగించే మనిషి వారం తరువాత గాని రాడు. ఇంటికి ఏది అవసరమో ఆలోచించే తీరిక ఆ ఎండలో ఎవరికున్నది?

చలిదేశాలలో ఈ ప్రశ్న వేరు. అక్కడ ఇల్లంతటికీ ఒకే యంత్రం ఉంటుంది. శీతకాలంలో వెచ్చదనాన్ని, వేసవిలో చల్లదనాన్ని గొట్టాల ద్వారా గదిగదికీ పంపుతుంది. అది పదిహేను, ఇరవై సంవత్సరాలు పనిచేసి అలసినదంటే, వసంతంలోనో శరత్తులోనో, అనగా చలీ ఎండా రెండూ లేని సంధికాలంలో దానిని మార్చుకొంటారు. మన ప్రాంతంలో అటువంటి యంత్రం లేదు. మనకు ఇల్లే యంత్రం. గోడ, కప్పు, దర్వాజ, వాకిలి, వాకిట్లోని వేపచెట్టు, అన్నీ కలిసి ఒక యంత్రంగా పనిచేసేవి. పంకా, కూలర్, ఏసీ తరువాత వచ్చి చేరిన భాగాలు. ఇది మరచిపోయి, భాగాలను మార్చుకొంటూ అసలు యంత్రం పాడైన సంగతి గమనించకపోవడం వల్లనే మన వేసవులు ఇంత దుర్భరమైనవని నా నమ్మకం.

కామారెడ్డినుంచి ఎల్లారెడ్డికి సుమారు నలభై కిలోమీటర్లు. బస్సులో కిటికీ పక్కన కూర్చొని ఊరూరి కప్పులు చూస్తూ పోతే ఒక చరిత్ర పాఠం చదివినట్లుంటుంది. కామారెడ్డి రైలు స్టేషను గల ఊరు. 2016లో జిల్లా కేంద్రమైన పిదప అంతస్తు మీద అంతస్తు లేస్తున్నది. అక్కడ స్లాబులే స్లాబులు. ఊరు దాటిన తరువాత పల్లెల్లో స్లాబుల నడుమ రేకులు, రేకుల నడుమ అక్కడొకటి ఇక్కడొకటి గూనపెంకుటిల్లు. దారిలో లింగంపేట వస్తుంది. అక్కడి నాగన్న బావి మెట్లబావి. ఎన్నో ఏండ్లు నిరాదరణలో పడి ఉండి, ఇటీవలనే బాగుపడినది. వైశాఖమాసపు మధ్యాహ్నం దాని మెట్లు దిగిపోతూ ఉంటే, మెట్టుమెట్టుకూ ఎండ వెనుకబడి, నేల లోపలి చలువ చెంపలకు తగులుతుంది. కామారెడ్డికి చేరువలోని దోమకొండ గడికోట సంగతీ అంతే. డంగుసున్నంతో కట్టిన లావు గోడలు, తిరిగి సున్నంతోనే బాగుచేయబడి, 2022లో యునెస్కో వారి ఆసియా, పసిఫిక్ పురస్కారాన్ని పొందినవి. పురస్కారం శిల్పానికి వచ్చినదే గాని, ఆ గోడల చల్లదనానికి కూడ ఒకటి ఇవ్వవచ్చును.

గడులు దొరలవి. సామాన్యుని ఇంటిలో మాత్రం ఏమి తక్కువ? మూరెడు మందం మట్టిగోడ. మధ్యాహ్నం దానిమీద పడిన ఎండ లోపలికి నడిచి వచ్చేటప్పటికి రాత్రి అయ్యేది. అప్పటికి బయటిగాలి చల్లబడేది. పైన రెండు వరుసల గూన, ఒకటి వెల్లకిల, ఒకటి బోర్ల. నడుమ గాలి నిలుస్తుంది. వేడెక్కిన గాలి సందులగుండా తానే పైకి పోతుంది. ఈ ఏర్పాటుకు కరెంటు లేదు, బిల్లు లేదు. మరమ్మతుకు మాత్రం ఒక అదను ఉండేది. ఎండలు ముదిరి, వానలింకా పడని ఆ ఇరవై, ముప్పై రోజులలో గూన సర్దించేవారు. మృగశిర ప్రవేశించేనాటికి కప్పుమీద పని పూర్తి కావలసినదే.

ఆ కప్పులు ఎందుకు పోయినవి? పట్నపు మోజు అంటారు కొందరు. నేనంత తేలికగా ఒప్పుకోను. కోతులు ఒక కారణం. అడవిలో పండు తగ్గి ఊళ్లోకి దిగిన కోతిమూక ఒక్క పూటలో చేసే విధ్వంసం చూడనివారు గూనపెంకుటింటి సౌఖ్యాన్ని గూర్చి కవిత్వం చెప్పవచ్చును గాని, ఏటా పగిలిన గూన ఏరి, కొత్త గూన కొరకు ఊరూరా తిరిగినవారు చెప్పలేరు. గూన చేసే కుమ్మరులు తగ్గినారు, సర్దే పనివారు తగ్గినారు. వాన పడిన రాత్రి గిన్నెలు, తపేలాలు అమర్చుకొంటూ జాగరణ చేసిన ఇల్లాలు స్లాబు కోరితే తప్పు పట్టరాదు. తప్పంతా మార్చడంలో లేదు. ఏమి పోగొట్టుకొంటున్నామో తెలియక మార్చడంలో ఉన్నది.

ఎల్లారెడ్డి వైపు పల్లెలో నా మిత్రుడొకడున్నాడు. ఉపాధ్యాయుడు, లెక్కల మాష్టరు. నాలుగైదేండ్ల క్రితం వేసవి సెలవులలో, తీరిక దొరికినదని, తాతలనాటి ఇంటి గూన దింపించి, పాత గోడలను తీయించి, ఇటుక కట్టించి స్లాబు వేయించినాడు. మరుసటి ఏప్రిల్‌లో నేను పోయి చూచేటప్పటికి అతని తల్లి, ఎనుబది దాటిన ముసలామె, కొత్త ఇంట్లో పడుకొనక బయటి అరుగుమీద మంచం వేసుకొన్నది. లోపల కొత్త పంకా తిరుగుతూనే ఉన్నది.

"లోపట ఎందుకు పండవు అవ్వా?" అని కొడుకు అడిగితే ఆమె చెప్పిన మాట నాకు భౌతికశాస్త్రంలో ఒక అధ్యాయం వలె తోచినది. "పొద్దంత ఎండ బయట ఉంటది బిడ్డా. పొద్దుమూకినంక గా ఎండంత గీ ఇంట్లకొచ్చి పంటది."

సరిగ్గా అదే జరిగినది. నాలుగైదంగుళాల కాంక్రీటు స్లాబు పగలంతా వేడిని మింగుతుంది. మిట్టమధ్యాహ్నపు ఎండ దాని అడుగుభాగానికి చేరడానికి మూడు నాలుగు గంటలు పడుతుంది. పొద్దు గూకేవేళకు స్లాబు అడుగు కాలిన పెనమువలె ఉంటుంది. అక్కడినుంచి నడిరేయి దాటేవరకు ఆ వేడిని కింద పడుకొన్నవారిమీద వెదజల్లుతుంది. కప్పుకింద పేరుకొన్న వేడిగాలిని పంకా కిందికి నెట్టుతుంది. పంకా గాలిని చల్లబరచదు, కదుపుతుంది. ఒంటిమీది చెమటను ఆర్పి మనల్ని చల్లబరుస్తుంది. గాలియే ఒంటికన్న మించిన వేడితో ఉన్ననాడు, వృద్ధులకు చెమట తగినంత పట్టని స్థితిలో, అది మేలుకు మారుగా కీడు చేయవచ్చును. కామారెడ్డి జిల్లాలో మే నెల పగటివేడి 43, 44 డిగ్రీలకు చేరడం వింత కాదు. 2015 మే నెలలో వీచిన వడగాడ్పులకు తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ రాష్ట్రాలు రెండింటిలో కలిపి రెండువేల మందికి పైగా మరణించినారు. ఎండలో పనిచేసేవారితోపాటు వృద్ధులు అందులో చాలమంది. రాత్రి శరీరానికి విశ్రాంతి దొరకకపోతే మరునాటి ఎండను అది తట్టుకోలేదు. కనుక ముసలితల్లి మంచం ఎక్కడ పడినదన్నది చిన్న విషయం కాదు.

మిత్రుడు అదే వారం కూలర్ కొన్నాడు. అది ముందరి గదికే సరిపోయినది. తల్లి గది లోపలిది. దానికి కిటికీ ఒక్కటే. మరుసటి ఏడు ఏసీ గూర్చి విచారించసాగినాడు. "మీరు లెక్కల మాష్టరు గదా, లెక్క వేసినారా?" అన్నాను. వేయలేదన్నాడు. ఇద్దరం కూర్చొని వేసినాము. ఆ లెక్క పై తరగతుల విద్యార్థులు కూడ వేయగలరు, వేస్తే మంచిది.

పాతరకం పంకా ఒకటి సుమారు 75 వాట్లు తీసుకొంటుంది. రోజుకు 16 గంటల చొప్పున నెలకు 36 యూనిట్లు. అటువంటివి ఇంట్లో నాలుగుంటే 144 యూనిట్లు. నేడు వస్తున్న బీఎల్‌డీసీ పంకా దాదాపు అంతే గాలికి 30 వాట్లు చాలుననును. నాలుగింటికి కలిపి 58 యూనిట్లకు మించదు. అనగా ఏమీ వదులుకొనకుండానే నెలకు 86 యూనిట్లు చేతికి వచ్చినవి. 200 వాట్ల కూలర్‌ను రాత్రి పది గంటలు నడిపితే అయ్యేది నెలకు 60 యూనిట్లే. ఏసీ సంగతి చూడండి. సగటున ఒక కిలోవాటు చొప్పున రాత్రికి ఎనిమిది గంటలు నడిపితే నెలకు 240 యూనిట్లు. 2024లో తెలంగాణలో ప్రారంభమైన గృహజ్యోతి పథకం ప్రకారం అర్హత గల కుటుంబానికి నెలకు 200 యూనిట్ల వరకు కరెంటు ఉచితం. ఆ గీటు దాటితే ఆ నెల బిల్లంతా కట్టుకోవలసినదే. ఉపాధ్యాయునికి ఆ అర్హత లేకపోవచ్చును. అతని ఎదుట బల్లలమీద కూర్చొన్న పిల్లల ఇండ్లలో అనేకమునకు ఉన్నది. ఆ ఇండ్లలో ఏ వస్తువు ఎప్పుడు మార్చవలెనన్న ప్రశ్న ఈ గీటు చుట్టూ తిరుగుతుంది.

పంకాకు ముందు మార్చవలసినది ఇంకొకటి ఉన్నది: స్లాబు రంగు. నల్లబారిన స్లాబు ఎండను తాగుతుంది. తెల్లనిది తిరిగి ఆకాశానికి పంపుతుంది. తెల్లని పూతవల్ల గదిలో వేడి రెండు మొదలు అయిదు డిగ్రీలవరకు తగ్గుతుందని చెబుతారు. తెలంగాణ ప్రభుత్వం 2023 ఏప్రిల్‌లో చల్లని కప్పుల విధానమొకటి ప్రకటించి, 2028 నాటికి రాష్ట్రంలో 300 చదరపు కిలోమీటర్ల కప్పును ఈ విధంగా మార్చవలెనని లక్ష్యం పెట్టుకొన్నది. అందులో 200 హైదరాబాదువి, మిగిలిన 100 తక్కిన రాష్ట్రమంతటివి. ఖరీదైన పూతలు బజారులో ఉన్నవి. చేతకానివారికి మన తాతలనాటి సున్నమున్నది. గోలెంలో నానవేసి, వడగట్టి, కాస్త జిగురు కలిపి రెండు చేతులు వేస్తే ఆ వేసవి గడుస్తుంది. వానకు కొట్టుకొనిపోతుంది, నిజమే. అందుచేత ఏటేటా వేయవలెను. దీని అదను మాఘమాసం. చలి తగ్గి, శివరాత్రి రాకముందు, ఎండ మెత్తగా ఉన్నప్పుడు వేసిన పూత మెల్లగా ఆరి గట్టిపడుతుంది. మే నెలలో మాడుతున్న స్లాబుమీద వేస్తే పట్టకముందే ఎండి పొట్టులు లేస్తుంది.

స్లాబు నెర్రెలు పూడ్చడానికి మాత్రం వేసవి సెలవులే తగిన కాలం. 2025 ఆగస్టు చివర కామారెడ్డి జిల్లామీద కురిసిన కుండపోతకు జాతీయ రహదారి, రైలుమార్గమే దెబ్బతిన్నవి. ఆ రెండు రోజులు నెర్రెలున్న కప్పుకింద గడిపినవారు మళ్లీ ఆ పని వాయిదా వేయరు.

ఇక కూలర్. దాని కిటుకంతా రంజన్‌లో నీరు చల్లబడే కిటుకే. నీరు ఆవిరి కావడానికి వేడి కావలెను. చుట్టూ ఉన్న గాలినుంచి దానిని గుంజుకొంటుంది. ఒక్క లీటరు నీరు ఆవిరైపోతే సుమారు 580 కిలోకేలరీల వేడి పోయినట్లు. గడ్డకట్టబోయే చల్లని నీటిని అయిదున్నర లీటర్లకు పైగా మరిగేవరకు కాచగల వేడి అది! వెనుకటి కచేరీలలో కిటికీలకు వట్టివేళ్ల తడకలు కట్టి నీరు చల్లించినదీ ఇందుకే. గాలి ఎంత పొడిగా ఉంటే కూలర్ అంత బాగా పనిచేస్తుంది. మన ప్రాంతపు ఏప్రిల్, మే గాలి పొడిగాలి. అందుచేత కూలర్‌కు మన నేల పుట్టినిల్లు వంటిది. మృగశిర వచ్చి గాలిలో చెమ్మ చేరిన తరువాత అదే కూలర్ ఒళ్లంతా జిగటచేస్తుంది. అప్పుడు చాలమంది "కూలర్ పాడైనది, మార్చవలెను" అనుకొంటారు. పాడైనది కూలర్ కాదు. దాని కాలం ముగిసినది. నీటి పంపు ఆపి ఫ్యాను మాత్రం నడుపుకొంటే చాలు. కిటికీ ఒకటి తెరిచి పెట్టనిదే కూలర్ ఏ కాలంలోనూ పనిచేయదని కూడ గుర్తుంచుకోవలెను. వచ్చిన గాలికి పోయేదారి కావలెను గదా.

మార్చవలసిన భాగం సాధారణంగా గడ్డి. బోరునీటిలోని సున్నపు లవణాలు దానిమీద పేరుకొని రాయివలె చేస్తాయి. ఫాల్గుణంలో కొత్త గడ్డి వేయిస్తే కూలర్ కొత్తదే. రేకు తొట్టి తుప్పుపట్టి చిల్లులు పడితే మాత్రం సందేహించవద్దు. అందులో మరియొక ప్రమాదమున్నది. ఇనుపరేకు, నీరు, కరెంటు మూడూ ఒకచోట చేరిన వస్తువది. తడిచేతితో నీరు పోయబోయిన తల్లి, ఆడుకొంటూ ముట్టుకొన్న పిల్లవాడు షాకుకు బలియైన వార్త లేని వేసవి మన పత్రికలలో కానరాదు. తీగ తొడుగు చెడినదా, ఎర్తు తీగ సరిగ్గా ఉన్నదా అని చూపించనిదే ఏ కూలర్‌నూ అటకమీదనుంచి దించి నడపరాదు. ఎర్తు లేని ఇంట్లో కూలర్ మార్చకముందు ఎర్తు వేయించవలెను. నీరు పోసేటప్పుడు స్విచ్చి ఆపడం కాదు, ప్లగ్గు పీకవలెను. ఉపాధ్యాయులు ఒంటిపూట బడులు ప్రారంభమైన వారంలోనే తరగతిలో ఈ మాట చెప్పితే, ఇల్లిల్లూ తిరిగి చెప్పినంత ప్రయోజనం.

ఏసీని చివరకు పెట్టినాను, అది చివరనే రావలెను గనుక. విల్లిస్ క్యారియర్ 1902లో తయారుచేసిన మొదటి యంత్రం మనుషుల సుఖం కొరకు కాదు. బ్రూక్లిన్‌లోని ఒక అచ్చుకూటంలో చెమ్మకు కాగితం సాగి, రంగులు ఒకదానిమీద ఒకటి సరిగా కూర్చొనకపోతే, ఆ చెమ్మను అదుపు చేయడానికి! టన్ను అన్న మాట కూడ బరువు కాదు. ఒక టన్ను మంచుగడ్డ ఇరువది నాలుగు గంటలలో కరుగుతూ ఎంత వేడిని పీల్చునో అంత వేడిని గదినుంచి తీసివేయగల శక్తి అని అర్థం, అనగా మూడున్నర కిలోవాట్లు. మాడే స్లాబుకింద ఒకటిన్నర టన్నులు కావలసిన గదికి, తెల్లని స్లాబుకింద ఒక టన్నే చాలవచ్చును. యంత్రం కొన్న తరువాత కప్పు బాగుచేస్తే ఆ ఆదా ఎన్నటికీ చేతికి రాదు. అందుకే వరుస తప్పరాదంటాను.

పాత ఏసీ ఉన్నవారు ఎప్పుడు మార్చవలెను? వెనుక అంటించిన పట్టీ చదివితే సగం జవాబు దొరుకుతుంది. ఆర్-22 అని ఉంటే అది ఓజోన్ పొరకు హాని చేసే వాయువు. 1987 నాటి మాంట్రియల్ ఒడంబడిక దారిలో దానిని క్రమంగా తొలగిస్తున్నారు. మనదేశంలో ఆ వాయువుతో కొత్త ఏసీల తయారీ 2025 జనవరినుంచి నిషిద్ధం. వాయువు ఏటేటా కారిపోతూ, ఏటేటా నింపించుకొనే పాత యంత్రానికి ఇకమీద డబ్బు పోయడం వ్యర్థం. వాయువు నిలిచి, చల్లదనం తగ్గలేదంటే మాత్రం, పదేండ్లదైనా, శుభ్రం చేయించి వాడుకోవచ్చును. నక్షత్రాల పట్టీ సంగతి ఇంకొకటి. ప్రభుత్వం కొలమానాన్ని కొన్నేండ్లకొకసారి కఠినం చేస్తూ వస్తున్నది. 2022 జూలైలో మార్చినప్పుడు నిన్నటి అయిదు నక్షత్రాల యంత్రం నాలుగింటికి దిగినది. కనుక నక్షత్రాలతోపాటు పట్టీమీది సంవత్సరం కూడ చూడవలెను. కొనే అదను దసరా, సంక్రాంతి సెలవుల నడుమ. బిగించేవాడు తీరికగా వచ్చి, గొట్టం వంపులు తిన్నగా వేసి పోతాడు.

శీతకాలపు సంగతి ఒక్క మాట. పుష్యమాసపు తెల్లవారుజామున మన జిల్లాలో పది డిగ్రీలకు దిగువకు దిగే రోజులుంటాయి. అందుకొక యంత్రం కొననక్కర లేదు. దుప్పటి, కిటికీ తలుపు చాలును. ఐతే బొగ్గుల కుంపటిని మూసిన గదిలో పెట్టుకొని నిద్రించడం ప్రాణాంతకం. దానినుంచి వెలువడే కార్బన్ మోనాక్సైడుకు రంగు లేదు, వాసన లేదు, నిద్రలోనే పని ముగించును.

మిత్రుడు ఏసీ కొనలేదు. ఈ మాఘంలో నేను పోయేటప్పటికి గోలెంలో సున్నం నానుతున్నది. తల్లి గదికి వెనుకవైపు గోడలో, కప్పుకు జానెడు కింద, వేడిగాలి పోవడానికి రెండు కంతలు తీయించినాడు. కోతులు రాకుండ జాలి బిగించినాడు. నాలుగు పంకాలలో రెండు మారినవి; రెండు వచ్చే నెల జీతానికి. అరుగుమీద కూర్చొని ముసలామె ఇదంతా చూస్తున్నది.

"గూననే మల్ల ఎయ్యరాదు బిడ్డా?" అన్నది కొడుకుతో.

"ఏసెటోళ్లు లేరవ్వా."

ఆమె కాసేపు ఊరకున్నది. "మరి ఈ యేడు మంచం లోపలికి వచ్చినట్లేనా అవ్వా?" అని నేనడిగినాను. నావైపు తిరిగి, తల అడ్డంగా ఆడించి, "రోహిణి పోనీ సారూ, అప్పుడు చెప్త" అన్నది.